మంద ఆగిన చోటు: బారామహల్‌కి మనవాళ్ళు ఎలా వచ్చారు

పెళ్ళిళ్ళలో కొత్త చుట్టాలు కలిస్తే రెండు ప్రశ్నలు తప్పవు. "మీరు ఏ ఊరివాళ్ళు?" అనేది ఒకటి. "మీ పెద్దలు ఈ పక్కకి ఎందుకు వచ్చారంట?" అనేది రెండోది. మొదటిదానికి తలా ఒక జవాబు వస్తుంది: హోసూరు, కృష్ణగిరి, పాలక్కోడు, సేలం, కోయంబత్తూరు. రెండోదానికి మాత్రం చాలా ఇళ్ళలో ఒకటే కథ. ఎవరో సుల్తాను మన ఇంటి ఆడబిడ్డను అడిగాడంట. ఇవ్వడం ఇష్టం లేక రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకున్నారంట. దారిలో ఏరు అడ్డం వచ్చిందంట. రెండు గట్ల మీదున్న కానుగ చెట్లు వంగి వంతెనైతే, దాని మీద నడిచి ఇవతలికి వచ్చారంట. కంబళత్తు నాయకర్ల ఇళ్ళలో చెప్పుకునే ఈ కథను ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో రాసిపెట్టాడు. పేర్లు, చెట్లు మార్చుకుని వేరే ఇళ్ళలోనూ ఇదే వినిపిస్తుంది.

పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది. కానీ ఈ కథలో నాకు ఎప్పుడూ ఒక లోటు కనబడుతుంది. ఇందులో పశువులు లేవు. రాత్రికి రాత్రి పారిపోయేవాడు మందను తోలుకుని పోలేడు. చూలు ఆవులుంటాయి, పుట్టి వారం కాని దూడలుంటాయి. మంద మేస్తూ, నీళ్ళు తాగుతూ, నెమరేస్తూ నడవాలి. అట్లా నడిచే ప్రయాణానికి నెలలు పడతాయి, ముందుగా దారి చూసి వచ్చే మనిషి కావాలి, పోయే చోట మేపుకోనిస్తారా లేదా అనే మాట ముందే తేలాలి. మరి మనవాళ్ళు పశువులు లేకుండా వచ్చారా అంటే, ఆ ఆనవాళ్ళు అట్లా చెప్పడం లేదు. కంబళత్తువాళ్ళ పేరులోనే కంబళి ఉంది. తొమ్మిది కంబళాల పెద్దలు పంచాయితీకి కూర్చుంటే ముందు కంబళి పరిచి, దాని మీద వేపాకు వేసిన కలశం పెడతారని అదే థర్‌స్టన్ రాశాడు. కంబళి ఎవరి భుజం మీద ఉంటుంది? మంద కాసేవాడి భుజం మీద. కొంగునాడులో తై పొంగలికి ఉరుమి మోతతో వాళ్ళు ఆడించే సలగెరుదు, దేవుడి పేరున వదిలిన ఎద్దే.

అందుకని మన రాకను పారిపోవడంగా కాకుండా, లెక్క చూసుకుని వేసిన అడుగుగా చదవాలని నా అభిప్రాయం. గడ్డి ఎక్కడుంది, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, పన్ను ఎంత. ఈ మూడు చూసుకుని కదిలారు.

మహేంద్రమంగళాన్నే తీసుకుందాం. ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలో ఉంది. మంగళం అని ముగిసే ఊరిపేర్లు పాత తమిళ దేశంలో బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊళ్ళకు ఉండేవి. పక్కనే మారండహళ్ళి, అది కన్నడం పేరు. ఇంకాస్త పోతే రాయకోట, అది రాయల కాలాన్ని తలపించే పేరు. ఒక్క పూటలో తిరిగొచ్చే దూరంలో మూడు భాషల పేర్లున్నాయి. ఈ సీమకి బారామహల్ అని పేరు, పన్నెండు కోటల సీమ అని అర్థం చెబుతారు. కావేరి జిల్లా అంచున హొగెనకల్ దగ్గర రాతి లోయలో దూకి పోతుందే గానీ ఈ పొలాల్లోకి రాదు. రాగులు, ఉలవలు, అనుములు పండే మెట్ట నేల. చుట్టూ కొండలు, కొండల మీద అడవి, అడవిలో మేత.

తమిళ దేశంలో మంచి నేల అంటే తంజావూరు, తామ్రపర్ణి గట్లు. అక్కడ మనవాళ్ళు రాకముందే ప్రతి మడికీ ఒక సొంతదారుడు ఉన్నాడు. వరి మడి ఎవరూ ఖాళీ చేసి ఇవ్వరు కదా. విజయనగరం కాలంలో దక్షిణానికి దిగిన తెలుగు రైతులు ఎక్కువగా మెట్టకే ఎందుకు పోయారంటే అదీ కారణం. కోవిల్‌పట్టి, సాత్తూరు, కోయంబత్తూరు పక్కన నల్లరేగడి, ఇక్కడ ఎర్ర గరుసు నేల. చవకగా దొరికే భూమి అది. చవకగా ఎందుకు దొరికిందంటే, గట్టి ఎద్దులు లేనివాడికి దానితో ఏం పని లేదు. రేగడిని లోతుగా దున్నాలంటే బలమైన జత కావాలి. ఇక్కడైతే ఇంకో సంగతి, బావి. కపిల తోలిన తరం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. తోలు బానకి మోకు కట్టి, గిలక మీదుగా ఎద్దుల కాడికి తగిలిస్తారు. ఎద్దులు ఏటవాలు బాట మీద దిగితే బాన పైకి వచ్చి కాలువలో నీళ్ళు పోస్తుంది. మళ్ళీ వెనక్కి నడుస్తాయి, బాన దిగుతుంది. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేదాకా ఇదే. ఎద్దు లేకపోతే బావి ఉన్నా లేనట్టే, బావి లేకపోతే ఆ పొలానికి వాన ఒక్కటే దిక్కు. కాబట్టి ఎద్దుల్ని వెంట తెచ్చుకున్నవాడికే ఆ చవక భూమి అక్కరకొచ్చింది.

మందతో కొత్త సీమకి పోతే ఏమవుతుందో మనవాళ్ళకి తెలియని సంగతి కాదు. కాటమరాజు కథ తెలిసిన ఇళ్ళలో అది బాగా తెలుసు. కరువొచ్చి మేత లేక, కాటమరాజు మందల్ని తోలుకుని నెల్లూరు సీమకి దిగుతాడు. అక్కడి రాజు నల్లసిద్ధితో ఒప్పందం: మేపుకోనిచ్చినందుకు పుల్లరిగా పుట్టిన కోడెదూడలు రాజువి. ఆ తర్వాత రాజుగారి ప్రియురాలు పెంచుకున్న చిలుకను చూసి ఆవులు బెదిరాయని, గొల్లవాళ్ళు దాన్ని చంపారని, అటుపక్క ఆవుల్ని చంపించారని, అట్లాంటప్పుడు పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తెగేసి చెప్పాడని కథ చెబుతుంది. చివరికి అది యుద్ధమై, ఖడ్గతిక్కన వంటి వీరుడే అందులో పోయాడు. అంత పెద్ద కథ పుట్టింది ఒక మేత ఒప్పందం మీద, ఒక పెంపుడు చిలుక మీద! చిత్తూరు పల్లెల్లో కనుమ సాయంత్రం చిట్లాకుప్ప వెలిగించి, పశువుల్ని దాని దగ్గరికి తోలి, కాటమరాజును తలుచుకుంటారు. ఆ చిత్తూరు సీమకీ మన కృష్ణగిరికీ మధ్య గోడ ఏమీ లేదు.

పెద్ద రాజకీయం కూడా ఉంది, లేదనడం లేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాయలు పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి, వేలూరుకు తరలిపోయారు. పెనుకొండ కోటను బీజాపూరు సేన నుంచి కాపాడినందుకు జగదేవరాయలికి బారామహల్ ఇచ్చారని చెబుతారు. పాలెగాడి వెంట బంట్లు వచ్చారు, వాళ్ళ వెంట కుటుంబాలు వచ్చాయి. అయితే పాలెగాడికి కత్తి పట్టేవాడితో పాటు నాగలి పట్టేవాడూ కావాలి. బీడు పడ్డ నేల నుంచి పన్ను రాదు. అందుకే కౌలు అనే మాట ఈ చరిత్రలో అంత ముఖ్యం. బీడు తెగ్గొట్టి సాగుకి తెస్తే మొదటేళ్ళు పన్ను లేకపోవడమో, నామమాత్రంగా ఉండడమో, ఆ తర్వాత ఏడాదికేడాది పెరిగి పూర్తి పన్నుకి చేరడమో కౌలులో రాసిచ్చేవాళ్ళు. ఈ కాలం మాటల్లో చెప్పాలంటే, మా ఊరికి రండి, మొదటి సంవత్సరాలు అద్దె తక్కువ అని బోర్డు పెట్టినట్టు.

ఇది ఊహ అనుకునేవాళ్ళకి కుంపిణీ కాగితాలు ఉన్నాయి. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు చేతి నుంచి బారామహల్ కుంపిణీకి వచ్చింది. దాన్ని చూసుకోవడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను వేశారు. అతని కింద పనిచేసిన వాళ్ళలో థామస్ మన్రో ఒకడు. 1799 దాకా మన్రో ఈ సీమలోనే ఉన్నాడు, ధర్మపురిలో తోట కూడా వేసుకున్నాడు. పొలం పొలం కొలిచారు. 1796 డిసెంబరు 10న రీడ్ ఒక ప్రకటన చేశాడు. దాని సారం ఏమిటంటే, పన్ను పొలానికి కట్టి ఉంటుంది. రైతు ఏడాదికొకసారి తనకు కావలసిన పొలం ఉంచుకోవచ్చు, వద్దనుకున్నది వదిలేయొచ్చు, కొత్తది పట్టుకోవచ్చు. తర్వాత రైత్వారీ అని పేరు పొందిన పద్ధతికి మొదలు ఇక్కడే పడింది. దొరలకి రైతుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టి ఇట్లా చేశారని నేననుకోను. అప్పట్లో భూమి ఎక్కువ, దున్నే చేతులు తక్కువ. పన్ను ఎక్కువైతే రైతు కాడి విప్పి, ఎద్దుల్ని తోలుకుని పక్క సీమకి పోయేవాడు. పొలాన్ని కదిలించలేం గానీ ఎద్దుల్ని కదిలించొచ్చు. సర్కారును బేరానికి దింపింది ఆ నాలుగు కాళ్ళే. ఈ మన్రోనే 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా పోయి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. రాయలసీమలో పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి.

వెంట వచ్చినవి ఆవులూ ఎద్దులూ మాత్రమే కావు. మందకి కాపలా కుక్క ఉంటుంది. పొట్టేళ్ళు, మేకలు ఉంటాయి. బండి కింద గంపలో కోళ్ళు ఉంటాయి. 

తెచ్చిన పశువులు తెచ్చినట్టే ఉన్నాయా అంటే, లేవు. ఒంగోలు గిత్తలు ఈ కొండ దారులకి పనికొచ్చే రకం కాదు. ఇక్కడ నిలిచింది ఆలంబాడి పశువు. పెన్నాగరం పక్కన కావేరి ఒడ్డున ఉన్న ఆలంబాడి పేరే దానికి వచ్చింది. ముదురు బూడిద రంగు, నుదుటి మీద, కాళ్ళ మీద తెల్ల మచ్చలు. మైసూరు హళ్ళికారుకి దగ్గర చుట్టం. పాలు తక్కువ, పని ఎక్కువ, తిండి దొరికినంతే. ఎండాకాలం అడవిలో దొడ్డి కట్టి మందల్ని అక్కడే ఉంచేవాళ్ళు. మన మాటలో తమిళం, కన్నడం కలిసినట్టే మన కొట్టంలోనూ ఈ నేల కలిసిపోయింది.

ఇది చెదిరిన తీరు చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువు సేలం జిల్లాను ఘోరంగా కొట్టింది. అప్పుడు ధర్మపురి సేలంలోనే ఉండేది, 1965లో గదా విడిపోయింది. మనుషులు పోయారు, పశువులు పోయాయి. ఆ గాయం మానకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి మేపుకున్న కొండకి రిజర్వు ఫారెస్టు అని పేరు పడింది, మేతకి పర్మిట్టు, తప్పితే జరిమానా. పుల్లరి మళ్ళీ వచ్చింది, ఈసారి రాజు లేడు, గార్డు ఉన్నాడు. ఆంధ్రలో ఇదే పుల్లరి మీద కన్నెగంటి హనుమంతు నిలబడి 1922లో తుపాకీ గుండ్లకి బలైపోయాడు. బారామహల్ పక్క అంత పేరున్న పోరాటం లేదు, ఇళ్ళలో మంద ఏటేటా చిన్నదైపోయింది, అంతే. తర్వాత కరెంటు మోటారు బావిలోకి దిగింది, కపిల ఆగింది. ట్రాక్టరు వచ్చింది, జత ఎద్దులూ పోయాయి. ఇప్పుడు ఆలంబాడి జాతిని నిలబెట్టడానికి తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ధర్మపురి జిల్లాలోనే కేంద్రం పెట్టి పనిచేస్తోంది. ఒకప్పుడు ఇంటింటా ఉన్నదానికి ఇప్పుడు పరిశోధన కావలసి వచ్చింది.

ఈమధ్య మన చుట్టాల్లోనే కొందరు ఢిల్లీ, ముంబై, హైదరాబాదు వదిలి ఇట్లాంటి చిన్న ఊళ్ళు వెదుక్కుంటున్నారు. అద్దె తక్కువ, నీళ్ళున్నాయి, బెంగుళూరు మూడు నాలుగు గంటల దారి, పని ల్యాప్‌టాపులో. వెంట ఒక కుక్క, రెండు పిల్లులు. రైల్లో కుక్కను మనతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లోకి పోవాలి, దానికి వేరే చార్జీ. ఇల్లు చూడబోతే మొదటి మాట, "కుక్క ఉందా? అయితే ఇయ్యం." కొందరు పెద్దవాళ్ళు వీళ్ళని చూసి నవ్వుతారు, కుక్క కోసం ఊరు వెదుక్కునేదేంది అని. మన పెద్దలు చేసింది అచ్చం ఇదే. జీవాలకి చోటు ఇచ్చే సీమ ఏదో చూసుకుని, ముందే మాట మాట్లాడుకుని, ఆ తర్వాతే బండి కట్టారు. అప్పుడు జీవాలు ఇంటికి కూడు పెట్టేవి, ఇప్పుడు ఇంటికి తోడుగా ఉన్నాయి. తేడా అంతవరకే.

మా ఇంట్లో బడి తమిళంలో, సంత మాటలు కన్నడం కలిసి, లెక్కలు ఇంగ్లీషులో నడిచాయి. తెలుగు గట్టిగా నిలిచింది కొట్టంలో. కోడె, పెయ్య, కుడితి, గాడి, చొప్ప, ముకుతాడు, తలుగు, పలుపు. ఈ మాటలకి మా తాతకి తమిళం అక్కర్లేకపోయింది, మా నాయినకి తెలిసినా వాడలేదు. కొట్టం పడగొట్టి అక్కడ స్కూటర్లు పెడుతున్నారు. పిల్లలు తెచ్చిన కుక్క మాత్రం ఆ మూలే కూర్చుంటుంది, దాని మెడ పట్టీని మా అవ్వ ఇప్పటికీ పలుపు అనే అంటుంది. పిల్లలూ అట్లాగే అంటున్నారు.