కందెన కథ: బండి ఇరుసు మొదలు కారు గేరుపెట్టె వఱకు



ఆళ్లగడ్డ సీమలో ఎద్దులబండి తోలిన వారికి కందెన విలువ నేను చెప్పవలసిన పని లేదు. ఆముదమున గడ్డిమసి కలిపి ఇరుసునకు పూసి బండి కట్టుట మీరెరిగినదే. కందెన లేని ఇరుసు కూయును. ఆ కూత విని రైతు బండి నిలుపును. నేడు మనుమడు తెచ్చి వాకిట నిలిపిన కారునకును కందెన కలదు. అయితే అది కారిపోవునపుడు కూత యుండదు. ఒక్కొక్క చుక్కయే నేల పాలగును. మన నల్లరేగడి ఆ చుక్కను త్రాగివేయుటచే జాడయు కానరాదు. ఆ చుక్కతో మనుష్యుడు పడిన పాట్ల కథను నేడు మనవి చేసెదను.

1891 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు పానార్ లెవస్సార్ కార్లలో, పండ్లచక్రములను ప్రక్కకు జరిపి వేగము మార్చు పద్ధతి వాడుకకు వచ్చెను. మొదట ఆ చక్రములు మూత లేకయే తిరిగెడివి. దుమ్ము పడకుండుటకును, నూనె నిలుచుటకును, పిమ్మట వానిని పెట్టెలో బంధించిరి. చిక్కు అప్పుడే పుట్టినది. తిరుగు ఇరుసు పెట్టె వెలుపలికి రావలెను. నూనె మాత్రము రారాదు.

ఈ చిక్కునకు తొలినాళ్లలో తోలే విరుగుడైనది. జర్మనీలో వైన్‌హైమ్ పట్టణమున తోళ్లు పదునుచేయు ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ, 1929 నాటి ఆర్థిక మాంద్యమున తోలు బేరము కుంటుపడగా, తోలుతో ఇరుసు కట్టులు చేయ మొదలిడెను. 1936లో తోలునకు బదులు కృత్రిమ రబ్బరు వచ్చెను. నేటి మెకానిక్కు ఆయిల్‌సీలు అనునది ఆ వంశములోనిదే.

1939లో అమెరికాలో, జనరల్ మోటార్సు వారు 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను సమకూర్చిరి. అందు గేర్లు తమంత తామే మారును. ఇట్టి పెట్టెలో ద్రవము కందెన మాత్రమే కాదు. వేడిని తీసికొనిపోవును, తన ఒత్తిడిచే లోపలి పలకలను బిగించి పట్టును. అది తగ్గినచో పలకలు జారును, వేడెక్కును, తుదకు మాడును. ఇంజను నూనెతో పొరబడకుండుటకై దానికి ఎఱ్ఱరంగు కలిపిరి.

1949లో ఈ ద్రవమునకు తొలి ప్రమాణము ఏర్పడెను. ఆ కాలపు ద్రవములలో స్పెర్మ్ తిమింగలపు నూనె ఒక ముఖ్యభాగము. ఎచ్చటనో సముద్రమున వేటాడబడిన ప్రాణి యొక్క నూనె, ఎండిన రహదారిపై కారు గేరును నడపినది! ఆ తిమింగలములు నశించు దశకు రాగా, 1970లో అమెరికా ప్రభుత్వము వానిని రక్షింపవలసిన ప్రాణులలో చేర్చెను. తిమింగలపు నూనె లేని క్రొత్త ద్రవమును చేయగా, అది శీతల గొట్టముల అతుకులలోని లోహమును తినివేయ సాగెను. 1970ల దశకము నడుమ, లోహమును కాపాడు మందు చేర్చి ఆ ద్రవమును మరల సవరించిరి. అతుకులనే మార్చుచు కూర్చుండిన యెడల ఆ జబ్బు మానెడిది కాదు. దోషము ద్రవములోనే యుండెను.

ఈ కథ మనకు నేర్పునది ఒక్కటే. చుక్క పడినచోటు వేఱు, చుక్క పుట్టినచోటు వేఱు. కాలువకు గండి పడినపుడు, నీరు నిలిచిన చేనిని చూచి గండి అక్కడనే యున్నదనము. గట్టు వెంట ఎగువకు నడిచి చూతుము. కారునందును అట్లే.

రాత్రి కారు క్రింద పాత తెల్లపంచె ముక్క పఱచుడు. తెల్లవాఱి చూచినచో, ఎఱ్ఱని జిడ్డుచుక్క గేరుపెట్టెదో, స్టీరింగుదో కావచ్చును. ఇంజను నూనె గోధుమవన్నెగనో నల్లగనో యుండును. నీటివలె పలుచనై జిడ్డు లేనిది రేడియేటరుదో, చల్లని గాలి యంత్రముదో యగును. చేతితో గేరు మార్చు కార్లలో నూనె తేనెవన్నె కలిగి, గంధకపు వాసన వేయును. ప్రాతబడిన ద్రవము నల్లబడుటయు, కొన్ని క్రొత్త కార్లలో రంగే వేఱుగా నుండుటయు కలదు. కావున కారుతో వచ్చిన పుస్తకమును చూడవలెను.

పిమ్మట పెట్టె అడుగును శుభ్రముగ తుడిచి, కారును కొంతదూరము నడిపి, చల్లాఱిన తరువాత మరల చూడుడు. గాలి నూనెను వెనుకకు నెట్టును గనుక, తడిసిన భాగములలో ఎల్లపైన, ఎల్లముందున్నదే జన్మస్థానము. నూనె విడుచు మరయైనచో క్రొత్త వాషరు చాలును. అడుగుపళ్లెమైనచో క్రొత్త గాస్కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగ కొద్దికొద్దిగా బిగింపవలెను. బలమున్నదని బిగించినచో పళ్లెము వంగి మరింత కారును. ఇరుసు దగ్గఱ ఆయిల్‌సీలు పోయినచో ఇరుసునే ఊడదీయవలసి వచ్చును. అది మెకానిక్కు పని. ద్రవము పుస్తకమున చెప్పిన రకమే, చెప్పిన మట్టము వఱకే పోయవలెను.

ఒక్కమాట గట్టిగా చెప్పెదను. జాకీని మాత్రమే నమ్మి ఏ కుఱ్ఱవానిని కారు క్రిందికి దూరనీయకుడు. రేగడి నేలలో జాకీ దిగబడును. గట్టినేలపై, చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, ఇనుప స్టాండులపై కారును నిలిపిన పిమ్మటనే దూరవలెను. గేరుపెట్టె పోయినచో సొమ్ముతో తిరిగివచ్చును; ప్రాణము రాదు. తీసిన నూనెను కాలువలోనో బావి దగ్గఱనో పాఱబోయక, డబ్బాలో పట్టి మరమ్మతు దుకాణమున కీయుడు.

ఇరుసు కూత విని బండి నిలిపిన చెవి మీది. ఇపుడు చుక్కను చూచి కారు నిలుపు కన్ను మీ మనుమలకు నేర్పుడు.