మోటారుకారును త్రుప్పును

పాత మోటారుకారు కొనబోవువారిలో పెక్కుమంది మొదట ఇంజను చప్పుడు విందురు, పిమ్మట చక్రములు చూతురు. పని తెలిసినవాడు మాత్రము నేలమీద మోకరించి, తలుపుల అడుగు అంచులను, మడ్‌గార్డుల లోపలి మడతలను వ్రేలితో తడవి చూచును. రంగు క్రింద చిన్న పొక్కు వంటిది తగిలినచో వెంటనే బేరము మారిపోవును. ఆ పొక్కును గూర్చి మానవుడు నేర్చుకొన్నది చాల కలదు. నేర్చుకొన్నదానిని ఆచరణలో పెట్టుటకు మాత్రము చాల ఆలస్యమైనది.

ఇనుము భూమిలో సాధారణముగా శుద్ధలోహముగా దొరకదు; ప్రాణవాయువుతో కూడిన రాయిగా దొరకును. కొలిమిలో బొగ్గుతో కాల్చి ఆ వాయువును విడదీసిననే అది ఇనుమగును. తడియు గాలియు తగిలిన చాలును, మరల ఆ పూర్వస్థితికి మరలిపోవును. ఈ తిరుగు ప్రయాణమునకే త్రుప్పు అని పేరు. ఉప్పు చేరినచో దాని వేగము హెచ్చును. ఏలయన త్రుప్పుపట్టుట మూలమున విద్యుత్ క్రియ, ఉప్పునీరు విద్యుత్తును సులువుగా సాగనిచ్చును. పుట్టిన త్రుప్పు తాను తినిన ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటాక్రమించును. రంగు పొక్కుట అందువలననే. బయట మచ్చ కనబడునప్పటికి లోపల నష్టము చాలవఱకు జరిగియుండును.

లోహములు తినివేయబడుట విద్యుత్ క్రియ యను సంగతి ఓడల పుణ్యమున స్పష్టమైనది. ఇంగ్లండు యుద్ధనౌకల అడుగున తాపిన రాగిరేకులను సముద్రజలము తినివేయుచుండగా, నివారణోపాయము చూడుమని సర్ హంఫ్రీ డేవీని కోరిరి. 1824లో ఆయన చెప్పిన ఉపాయము చిత్రమైనది: రాగికి అక్కడక్కడ చిన్న జింకు ముక్కలనో ఇనుప ముక్కలనో తగిలించిన చాలును, ఆ ముక్కలు తాము క్షయించుచు రాగిని కాపాడును. రాగి చెక్కుచెదరలేదు. కాని అంతకుముందు కొద్దికొద్దిగా కరగు రాగి విషమై సముద్రజీవులను దూరముగ నుంచుచుండెను. కరగుట ఆగినంతనే గుల్లలు, నాచు ఓడ అడుగునకు గుంపులుగా అంటుకొని నడక మందగింపజేసెను. శాస్త్రము గెలిచి ఓడ ఓడినది! ఆ ఏర్పాటును నౌకాదళమువారు విడిచిపెట్టిరి.

సూత్రము మాత్రము నిలిచినది. 1837లో ఫ్రెంచి ఇంజనీరు స్టానిస్లాస్ సోరెల్ ఇనుమును కరగిన జింకులో ముంచి పూత పెట్టు పద్ధతికి పేటెంటు పొందెను. ఇది మన ఇండ్లలోని కళాయి వంటిదేయని తోచవచ్చును. భేదము కలదు. ఇనుముమీది తగరపు పూత గీచుకొనిపోయినచో అచ్చటి ఇనుము మఱింత త్వరగా త్రుప్పుపట్టును. జింకు పూత గీచుకొనిపోయినను, ప్రక్కనున్న జింకు తాను క్షయించి ఇనుమును రక్షించును. నీటి బకెట్లకును, ఇంటికప్పు రేకులకును ఈ రక్షణ త్వరలోనే లభించినది. కారు శరీరమున కంతటికిని లభించుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టినది.

తొలినాటి కార్లకు దాని అవసరము అంతగా తోచలేదు. అవి గుఱ్ఱపుబండ్ల వారసులు: కొయ్య చట్రము, దానిమీద రేకు, క్రింద బలమైన ఛాసీ. రేకు త్రుప్పుపట్టినచో విప్పి మఱియొకటి బిగింపవచ్చును. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ కర్మాగారము డాడ్జి కార్లకు పూర్తిగా ఉక్కుతో శరీరములు చేసి యిచ్చినది. 1934లో సిట్రోయెన్ సంస్థ తెచ్చిన ‘త్రాక్సియోన్ అవాన్’ కారులో ఛాసీయే వేరుగా లేదు. పలుచని రేకు పెట్టెయే బండికి వెన్నెముక. ఈ నిర్మాణము తేలిక, చౌక, దృఢము. యుద్ధానంతరము లోకమంతటను ఇదియే వ్యాపించినది. త్రుప్పు స్వభావము మారలేదు గాని, దాని పర్యవసానము పూర్తిగా మారిపోయినది. ఇదివఱకు అందమును చెడగొట్టిన మచ్చ ఇప్పుడు బండి బలమునే హరింపసాగెను. తలుపు క్రింది పెట్టెకమ్మీ లోపల పుచ్చిపోయినచో, ప్రమాదము జరిగినపుడు లోపలి మనుష్యులను కాపాడునది ఏమున్నది?

అదే కాలమున మంచుదేశములు రోడ్లపై ఉప్పు చల్లుట నేర్చుకొన్నవి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రము 1938లో దీనిని ప్రయోగముగా ఆరంభించినది; యుద్ధము ముగిసిన పిమ్మట అది సర్వసామాన్యమైనది. మంచు కరగినది, ప్రాణములు దక్కినవి. ఉప్పుబురద మాత్రము కార్ల మడతలలో చేరి కూర్చున్నది. బ్రిటనులో 1980లో లాన్సియా సంస్థ ‘బీటా’ కార్ల ఇంజనును మోయు చట్రపు అతుకులు త్రుప్పుచే పుచ్చిపోవుటతో, అట్టి కార్లను యజమానులనుండి తానే తిరిగి కొనవలసివచ్చినది. ఆ అపకీర్తి తొలగలేదు. 1994లో ఆ సంస్థ బ్రిటిషు విపణినే విడిచిపోయినది. ఆనాటి ఇతర నిర్మాతల కార్లు త్రుప్పుకు అతీతములని చెప్పుట న్యాయము కాదు. పత్రికల కంటబడినది ఒకటి, అంతే.

నిర్మాతలకు ఉపాయము తెలియకపోలేదు. జింకు పూసిన రేకును అతుకుట కష్టము, రంగు పట్టించుట కష్టము, ఖర్చు అధికము. 1960 తరువాతి సంవత్సరములలో ఫోర్డు సంస్థ శరీరమునంతటిని రంగుతొట్టిలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేసి, బ్రష్షు చేరని మూలలకు సైతము పూత పట్టించు పద్ధతిని వాడుకలోనికి తెచ్చినది. 1975లో పోర్షే సంస్థ తన 911 కారు శరీరమునకు ఇరువైపుల జింకు పూసిన ఉక్కును వాడినది.

ఇచ్చట ఢిల్లీ ఇనుపస్తంభము మాట చదువరులకు స్ఫురింపక మానదు. గుప్తుల కాలమునాటి ఆ స్తంభము పదునైదు శతాబ్దములకు పైగా నిలిచియున్నది. అందలి ఇనుములో భాస్వరము ఎక్కువగా నుండుటచే ఉపరితలమున రక్షకమైన పొర ఏర్పడినదని కాన్పూరు ఐ. ఐ. టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధించి వివరించిరి. కారు రేకులో అంత భాస్వరము నుంచుటకు వీలులేదు, రేకు పెళుసగును. 1906లో ఇంగ్లండులో కోస్లెట్ పేటెంటు పొందిన పద్ధతి మఱియొక దారి చూపినది: లోహములోపల కాక, దాని పైనే ఫాస్ఫేటు పొర ఏర్పరచుట. నేడు మరమ్మతుశాలలో త్రుప్పు మచ్చపై పూయు ఫాస్ఫారిక్ ఆమ్లము ఆ వంశమునకు చెందినదే.

మన దేశమున కథ వేరు. ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై చేసిన అంబాసిడరు 1950ల చివర మొదలై 2014 వఱకు వచ్చినది. కారుకొఱకు ఏండ్లతరబడి నిరీక్షింపవలసిన ఆ దినములలో, ఉన్న బండిని పారవేయు మాటయే లేదు. టింకరింగు పనివారు పుచ్చిన రేకును కోసి, క్రొత్త ముక్క అతికి, సుత్తితో వంపు తీర్చిరి. ఒకే తలుపును మూడు నాలుగు మారులు పునర్జీవింపజేసిన ఆ నిపుణులను మోటారు చరిత్రలు పేర్కొనకపోవుట విచారకరము. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో ఉప్పుగాలివలన వారికి పని హెచ్చు. హైదరాబాదు పొడిగాలిలో తక్కువ.

వారి పద్ధతిలో మంచి చెడ్డలు రెండును కలవు. మచ్చ కనబడినంతమేరకే కాక, దాని చుట్టును కొంత దూరము ఉప్పుకాగితముతో మెఱయు లోహము వఱకు గీకుట మంచి పద్ధతి. (త్రుప్పుకు మిత్రము ఉప్పు, శత్రువు ఉప్పుకాగితము!) గీకిన లోహమును రాత్రి గాలికి విడువక అదే దినమున ప్రైమరు వేయవలెను. ఆ రెడ్డాక్సైడు ప్రైమరుకు ఎఱ్ఱరంగు నిచ్చునది ఇనుము యొక్క ఆక్సైడే యగుట వింత. చిల్లి పడినచోట రేకు అతుకక, త్రుప్పుమీదనే పుట్టీ మెత్తి రంగు వేయుట మాత్రము వంచన. పుట్టీ తడిని పీల్చును. కొన్ని వర్షములకే పొక్కు మరల లేచును, ఈమారు మఱింత పెద్దదిగా. అమ్మకమునకు ముందు జరుగు మరమ్మతులలో ఇది తఱచు. అయస్కాంతపు ముక్క జేబులో వేసికొని పోయినచో బయటపడును. మందముగా పుట్టీ ఉన్నచోట అది అంటదు.

తలుపుల అడుగున నీరు కారిపోవుటకు నిర్మాతలు సన్నని రంధ్రములు విడుతురు. దుమ్ము, ఎండుటాకులు చేరి అవి మూసికొనిపోవును. నీరు లోపలనే నిలిచి, త్రుప్పు లోపలినుండి వెలుపలికి వచ్చును. వానకాలమునకు ముందు వెదురుపుల్లతో ఆ రంధ్రములను పొడిచి చూచుటకు, కాళ్ళక్రింది రబ్బరు చాపలనెత్తి నేల ఆరబెట్టుటకు ఒక పూట చాలును.