నీటి మాత్రలు - ఉప్పు, నీటిని కాచే హార్మోన్లు

రక్తపోటు, గుండె బలహీనత, కాళ్ల వాపు ఉన్నవారికి వైద్యులు వ్రాసి ఇచ్చే మూత్రకారక మందులను మన వాడుకలో నీటి మాత్రలంటారు. పేరు నీటిదే అయినా ఇవి ముందుగా బయటకు పంపేది ఉప్పును. మూత్రపిండాలలో సోడియం తిరిగి రక్తంలో చేరకుండా అడ్డుకుంటాయి. ఉప్పు వెంట నీరూ పోతుంది.

శరీరం దీనిని నష్టంగా గ్రహిస్తుంది. వెంటనే మూత్రపిండాలు రెనిన్‌ను విడుదల చేస్తాయి. దానివలన రక్తంలో యాంజియోటెన్సిన్ తయారై, మూత్రపిండాలపై ఉన్న అధివృక్క గ్రంథులను ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథులు స్రవించే ఆల్డోస్టిరోన్ ఉప్పును నిలిపి, పొటాషియంను మూత్రంలోకి పంపుతుంది. కనుకనే ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మందులు వాడేవారికి పొటాషియం తగ్గి నీరసం, పిక్కలు పట్టడం, గుండె లయ తప్పడం కలుగవచ్చు.

స్పైరనోలాక్టోన్ దీనికి భిన్నం. అది ఆల్డోస్టిరోన్ పనినే అడ్డుకొని పొటాషియంను నిలుపుతుంది. దీనిని వాడేవారు పొటాషియం కలిసిన ‘తక్కువ సోడియం’ ఉప్పును వైద్యుని అడగకుండా వాడరాదు. పొటాషియం మితిమీరినా గుండెకు ప్రమాదమే.

మూడవది పీయూష గ్రంథి విడుదల చేసే వాసోప్రెస్సిన్. ఇది నీటిని నిలుపుతుంది. ఉప్పు పోయి నీరు నిలిస్తే రక్తంలో సోడియం పలుచనవుతుంది. థయజైడ్ వర్గపు మందులు వాడే వృద్ధులలో, ముఖ్యంగా మొదటి వారాలలో, ఇది కనిపిస్తుంది. తలనొప్పి, మగత, తికమక, తూలిపడటం దీని గుర్తులు. ముసలితనమనో, ఎండదెబ్బ అనో ఇంటివారు ఊరుకోరాదు. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు.

శ్రీవిల్లిపుత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి పొలాలలో, అగ్గిపెట్టెల కార్ఖానాలలో పనిచేసేవారికి వేసవిలో చెమటతోనూ ఉప్పు పోతుంది. అటువంటప్పుడు వట్టి నీరు అతిగా త్రాగినా సోడియం ఇంకా తగ్గుతుంది. ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో వైద్యునే అడగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు ఆసుపత్రిలో చూపించి, మాత్ర సంగతి చెప్పాలి. సొంతంగా మానరాదు, మోతాదు పెంచరాదు.

సాధారణంగా లీటరు రక్తద్రవంలో సోడియం 135-145, పొటాషియం 3.5-5 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలలోను, తరువాత వైద్యుడు చెప్పినప్పుడల్లా ఈ పరీక్ష చేయించుకోవాలి. తమిళనాడులో 2021లో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం ప్రారంభమై, రక్తపోటు మందులు ఇంటికే చేరసాగాయి. మాత్ర ఇంటికి వచ్చినా రక్తపరీక్షను మాత్రం మరువరాదు.