చివరి వరుసకి మాట చేరిన దారి

మైకు లేని రోజుల్లో ఉపన్యాసం చివరి వరుసవాడికి ఎలా వినపడేది? వక్తృత్వ కళ చరిత్ర చదవడం నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. సాహిత్యం చదివినవాళ్ళు ఇంకోచోట మొదలుపెడతారేమో. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్య తిరిగినవాణ్ణి, నాకు ముందు లెక్కలే కనబడతాయి. మామూలుగా మాట్లాడే మనిషి గొంతులోంచి వెలువడే ధ్వని శక్తి ఒక వాట్‌లో లక్షో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆ ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 10 అడుగుల దూరంలో ఉన్నవాడికి అందే ధ్వనిలో 100 అడుగుల దూరంలో ఉన్నవాడికి నూరో వంతు అందుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుని చూస్తే, గ్రీకులూ రోమన్లూ రాసిపెట్టిన నియమాల్లో చాలా భాగం అవసరం కొద్దీ పుట్టినవేనని అర్థమవుతుంది.

వక్తృత్వాన్ని పాఠంగా చెప్పడం క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్‌లో మొదలైందని చెబుతారు. నియంతలు పోయాక భూముల తగాదాలు న్యాయస్థానానికెక్కాయి. ఎవరి వాదన వాళ్ళే వినిపించుకోవాలి. కోరక్స్, తిసియాస్ అనే ఇద్దరు గురువులకు గిరాకీ అలా వచ్చిందట. ఏథెన్స్‌లో అయితే ఊరి పౌరులంతా ప్నిక్స్ అనే గుట్ట మీద కూడేవారు. కొన్ని నిర్ణయాలకు 6,000 మంది హాజరు తప్పనిసరి. రాతిలో తొలిచిన వేదికెక్కి అంతమందికీ వినిపించాలి. డెమోస్తనీస్ (క్రీ.పూ. 384–322) నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడాడన్న కథ మనందరికీ చిన్నప్పటి పాఠాల్లో తెలిసిందే. అదే కథలో సగం మంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆయన ఎత్తు ఎక్కుతూ, పరుగెడుతూ ఊపిరి సాధన చేశాడు. అలలు విరిగే ఒడ్డున నిలబడి మాట్లాడాడు. నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. అల్లరి చేసే జనసమూహానికి సముద్రాన్ని మించిన నమూనా ఏముంటుంది?

రోమ్‌లో వేదికను రోస్ట్రా అనేవారు. క్రీ.పూ. 338లో ఓడించిన శత్రువుల ఓడల ముక్కులు తెచ్చి దానికి బిగించారు కాబట్టి ఆ పేరు. ఆ వేదిక మీద గయస్ గ్రాకస్ మాట్లాడేటప్పుడు వెనకాల ఒక మనిషి చిన్న పిల్లనగ్రోవి పట్టుకుని ఉండేవాడట. ఆవేశంలో గొంతు మరీ పైకెళ్ళినా, జారిపోయినా స్వరం ఊది సరిచేసేవాడు. మనకి ఇది కొత్తగా అనిపించదు. శ్రుతి లేకుండా హరికథ ఎవరు చెప్పారు? గజ్జెలు కట్టి, చిడతలు పట్టి, తెల్లవార్లూ ఊరందరికీ ఒక్కడే కథ చెప్పిన దాసుగారు ప్రాచీన రోము వీధుల్లో నిలబడినా నెగ్గుకొచ్చేవాడే. రాగం తీసి అచ్చును సాగదీస్తే మాట దూరం పోతుంది. గెంతితే, చెయ్యి చాచితే దూరాన ఉన్నవాడికి ఏ పాత్ర మాట్లాడుతోందో తెలుస్తుంది. ఆదిభట్ల నారాయణదాసుగారు 1945లో పోయారు. ఆయన కాలంలో చాలాభాగం మైకు లేని కాలమే.

చేతుల గురించి క్వింటిలియన్ రాసినంత శ్రద్ధగా మరెవరూ రాయలేదు. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర పన్నెండు భాగాల గ్రంథం రాసి, పదకొండో భాగంలో కంఠానికీ, చూపుకీ, చేతికీ, ఆఖరికి భుజం మీది వస్త్రం జారడానికీ చోటిచ్చాడు. చెయ్యి కళ్ళకంటే పైకి వెళ్ళకూడదు, రొమ్ముకంటే కిందికి దిగకూడదు, ఎడమ చెయ్యి ఒంటరిగా కదలకూడదు అంటాడు. చదువుతుంటే నాట్యశాస్త్రం పక్కన పెట్టి చూడాలనిపించింది. ఆ పని నా శక్తికి మించింది. మన పూర్వ విద్యార్థుల్లో కూచిపూడి నేర్చినవాళ్ళెవరైనా చెయ్యాలి.

ఇక నాకు ప్రాణమైన ఘట్టం. 1739లో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే మతబోధకుడు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో న్యాయస్థానం మెట్ల మీద నిలబడి ఉపన్యసిస్తున్నాడు. జనంలో వెనక నిలబడిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి ఆ గొంతు ఎంత దూరం వినపడుతుందో చూడాలని బుద్ధి పుట్టింది. వీధి వెంట నది వైపు వెనక్కి నడుస్తూ పోయాడు. వీధి గోలలో మాట కలిసిపోయిన చోట ఆగాడు. ఆ దూరాన్ని వ్యాసార్థంగా అర్ధవృత్తం ఊహించి, మనిషికి రెండు చదరపు అడుగులు చొప్పున లెక్కగట్టి, 30,000 మందికి పైగా వినగలరని తేల్చాడు. పాత చరిత్రల్లో సేనాపతులు వేలమంది సైనికులకు ప్రసంగించారన్న మాట మీద తనకున్న అనుమానం దాంతో తీరిందని రాసుకున్నాడు. అందరూ ప్రవచనం వింటుంటే ఒకడు అడుగులు లెక్కపెట్టడం నాకు ఎంతో నచ్చింది.

అయితే ఇంత గొంతు ఎందరికుంటుంది? రెండువేల ఏళ్ళపాటు సభలో మాట్లాడే అర్హతకు మొదటి షరతు ఊపిరితిత్తులు. ఆడవాళ్ళకి అసలు వేదికే లేదు. క్రీ.పూ. 42లో రోమ్ పాలకులు 1,400 మంది ధనిక స్త్రీల మీద యుద్ధ పన్ను వేస్తే, వాళ్ళ తరఫున వాదించడానికి మగవాడెవడూ ముందుకు రాలేదు. హోర్టెన్సియా అనే ఆవిడ తానే వెళ్ళి మాట్లాడింది. ఓటు హక్కు లేనివాళ్ళం పన్ను ఎందుకు కట్టాలన్నది ఆవిడ వాదన సారం. మర్నాడు 1,400 కాస్తా 400 అయింది. ఆవిడ తండ్రి హోర్టెన్సియస్ పెద్ద వక్త. ఆయన హావభావాలు చూడ్డానికి నటులు సైతం వచ్చేవారు. ఇంట్లో అంత విద్య ఉన్నా, కూతురి ప్రసంగంగా చరిత్రకెక్కింది ఆ ఒక్కటే.

మన దగ్గరికొస్తే, 1907 ఏప్రిల్‌లో రాజమండ్రిలో బిపిన్ చంద్రపాల్ ఇంగ్లీషులో మాట్లాడారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో వినిపించారు. అక్కడ చివరి వరుసకి దూరం అడుగుల్లోనే కాదు, భాషలో కూడా ఉంది. చిలకమర్తివారు అనువాదం చేస్తూ సొంతంగా చెప్పిన పద్యం ఉపన్యాసంకంటే ఎక్కువ కాలం బతికింది. పద్యాన్ని పక్కవాడికి అప్పజెప్పొచ్చు కదా! ఆ సభలు జరిగాక ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కాలేజీలోంచి పంపేశారు.

ఆ తర్వాత పాతికేళ్ళలో అంతా మారిపోయింది. 1919 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగో స్టేడియంలో గాజుగదిలో నిలబడి, లౌడ్‌స్పీకర్ల ద్వారా సుమారు 50,000 మందితో మాట్లాడారు. 1933 మార్చిలో రూజ్వెల్ట్ రేడియోలో, ఇంట్లో కూర్చుని పొరుగువాడికి చెబుతున్నంత నింపాదిగా, బ్యాంకుల సంగతి వివరించారు. బ్యాంకులు తెరిచాక జనం డబ్బు తెచ్చి మళ్ళీ వేశారు. మన దేశంలో గాంధీ, నెహ్రూ ముందున్న మైకుల మీద ‘చికాగో రేడియో’ అన్న పలక పాత ఫోటోల్లో కనిపిస్తుంది. పేరు చికాగో అయినా సంస్థ మోత్వానీలది. గాంధీగారిది అరిచే గొంతు కాదు. ఆ నెమ్మది గొంతు మైదానం చివరిదాకా వెళ్ళడానికి ఆ పెట్టెలు చేసిన సాయం మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా రాయరు.

దూరం సమస్య అలా తీరిపోయింది. కానీ బడుల్లో నేర్పేది మాత్రం ప్నిక్స్ గుట్ట మీదే ఉండిపోయింది. ఇప్పటికీ ఏ వక్తృత్వపు పోటీకి వెళ్ళినా, పిల్లలు మైకు ముందు నిలబడి మైకు లేనట్టే అరుస్తారు, చేతులు కోతకోసినట్టు ఊపుతారు. పెద్దవాళ్ళ సంగతీ అంతే. ఆఫీసు శిక్షణ తరగతుల్లో, వినేవాడి మీద పడే ప్రభావంలో మాటల వాటా 7 శాతం, గొంతు 38, శరీరభాష 55 అని ఒక స్లైడు తప్పకుండా చూపిస్తారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు ఇష్టాయిష్టాల వంటి భావాలకి, అందులోనూ మాటకీ గొంతుకీ ముఖానికీ పొంతన కుదరనప్పటికి సంబంధించినవి. ఉపన్యాసాలన్నిటికీ ఆ అంకెలు వర్తించవని ఆయనే చెప్పారు. స్లైడు మాత్రం మారదు.

ఈ స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం బడిలో మళ్ళీ మొదలుపెట్టబోతున్న వక్తృత్వపు పోటీల మార్కుల పట్టిక నాకు పంపారు. కంఠస్వరానికి 10, హావభావాలకి 10, విషయానికి 10. మొదటి రెండూ కలిపి 10 చేసి, మిగిలిన 10 సభలోంచి వచ్చే ఒక ప్రశ్నకు పిల్ల చెప్పే జవాబుకి ఇవ్వమని కమిటీకి ఉత్తరం రాశాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఇంకా వాదిస్తున్నారు. వాదన ఎలా తేలినా, మైకు స్టాండు ఒకటి కొంటున్నాను. ఆరో తరగతి పిల్ల నోటి దగ్గరికి దిగేది.