సరస్వతి ఆకు పచ్చడి – మన పెద్దల ఇంటి వైద్యం

మన మారిషస్ తెలుగువారి ఇళ్ళలో పచ్చడి అనగానే నేడు కొత్తిమీర, టమాటా గుర్తుకు వస్తాయి. క్రియోలులో సతిని అంటున్నాము. కాని మన పెద్దల పచ్చళ్ళలో చాలా ఆకులు అంగడిలో కొన్నవి కావు. కాలువ గట్టున, చెరకు తోట అంచున కోసి తెచ్చినవి. వాటిలో ఒకటి సరస్వతి ఆకు. దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

1834 నుండి 1910 వరకు భారతదేశమునుండి సుమారు 4,50,000 మంది ఒప్పంద కూలీలుగా ఈ ద్వీపానికి వచ్చారు. అందులో మనవారు కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులలో ఓడ ఎక్కినవారు. కోరంగి పేరుతోనే ఇక్కడ మనలను కోరంగీలు అని పిలిచారు. తోట యజమాని ఇచ్చే బత్తెములో బియ్యం, పప్పు, నూనె, ఉప్పు వంటివి ఉండేవి. ఆకుకూర తమంత తాము వెదుక్కోవలసినదే.

ఇంకొక కష్టం కూడా ఉండేది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనిని డబుల్ కట్ అన్నారు. 1909లో గాని అది రద్దు కాలేదు. ఇటువంటి కాలములో ఒంట్లో బాగులేక పడుకోవడం అంటే బిడ్డల నోటి దగ్గర కూడు పోవడమే. కనుక గాయము, పుండు, కడుపునొప్పి వస్తే ఆడవారు ముందు గట్టు మీది ఆకునే నమ్ముకున్నారు.

సరస్వతి ఆకు తడి నేలమీద పాకుతుంది. ఆకు గుండ్రము, అంచున చిన్న గంట్లు, కప్ప పాదమువలె ఉంటుంది. అందుకే సంస్కృతంలో మండూకపర్ణి అన్నారు. 1852 ప్రాంతములో మన ద్వీపములోనే బ్వాలో అనే వైద్యుడు దీనిని కుష్ఠురోగానికి వాడి చూశాడు. ఆ వార్త ఐరోపా దాకా వెళ్ళింది. 1941లో ఈ మొక్కనుండి ఏసియాటికోసైడ్ అనే పదార్థమును వేరుచేశారు. గాయాలు మానే మందులలో దానిని వాడుతున్నారు. కుష్ఠు మాత్రం ఈ ఆకుతో నయము కాదు. దానికి వేరే మందులు వచ్చాయి. ఆ వైద్యుని పేరు పుస్తకాలలో ఉన్నది. ఆకును ఊరినుండి ఎరిగి వచ్చిన స్త్రీల పేర్లు ఎక్కడా లేవు.

మా నాయనమ్మ చేసే విధము ఇది. లేత ఆకులు రెండు గుప్పెళ్ళు కాడలతో సహా తెచ్చి మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగాలి. పచ్చికొబ్బరి అర చిప్ప, పచ్చిమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి రెండు రెబ్బలు, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు చేర్చి రోస్ కారి మీద, అంటే మన సన్నికల్లు మీద, నూరాలి. ఆవాలు, ఎండుమిరప పోపు పెట్టాలి. ఆకు కొంచెము చేదు. చింతపండు దానిని సరిచేస్తుంది. నూరిన పూటే తినాలి.

చిన్నప్పుడు ఆ పచ్చడి పూసిన రొట్టె బడికి తీసుకుపోతే తోటి పిల్లలు గడ్డి తింటున్నామని నవ్వేవారు. మేము సిగ్గుపడి దారిలోనే పారవేసేవాళ్ళము. నాయనమ్మ పోయిన తరువాత ఆ ఆకు పేరు కూడా మరచిపోయాము. పెద్దయి సాయంకాలపు తెలుగు తరగతిలో చేరాక, ఒకనాడు పాఠములో సరస్వతి ఆకు అనే మాట వచ్చింది. అది ఎట్లా ఉంటుందని అడిగాము. మా గురువుగారు మరుసటి వారము తడిగుడ్డలో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టారు. చూడగానే తెలిసింది. ఆరోజు మేము పలకలేదు.

ఇప్పుడు మేము పాఠము చెప్పేటప్పుడు ఆకు చేతికిచ్చి పేరు వ్రాయిస్తున్నాము. పాఠకులకు ఒక మనవి. మందు చల్లిన చెరకు తోటల పక్కన కోయకండి. పెరటి కుండీలో సులువుగా పెరుగుతుంది. గర్భిణులు తినరాదు, మందులు వాడేవారు వైద్యుని అడగాలి. మీ ఇంటిలో పెద్దవారు ఇంకా ఉంటే, వారి వెంట ఒకసారి గట్టుకు వెళ్ళి ఏ ఆకును ఏమని పిలుస్తారో అడిగి తెలుగులో వ్రాసి పెట్టుకోండి. ఆలస్యము చేయవద్దు.