కమాను కథ

రాయలసీమ ఎడ్లబండిలో పోయేవారికి కుదుపు కొత్త కాదు. తొట్టి నేరుగా ఇరుసుపైనే కూర్చుండుటచేత, చక్రము రాయెక్కినప్పుడెల్ల ఆ దెబ్బ నడుముకే తగిలేది. ఇరుసుకు, తొట్టికి నడుమ ఉక్కుపట్టీలు బిగించిన విల్లుబండి కలవారి వాహనము. ఆ పట్టీల కట్టనే మెకానిక్కులు కమాను అంటారు. ఫారసీలో కమాను అన్నా విల్లే. బండి పోయి కారు వచ్చినా పేరు మారలేదు.

1950 దశకపు చివర తయారీ మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ కారుకు ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూలము. దాని వెనుక చక్రాలకు కమాను కట్టలే. పాత నమూనాలలో ముందు చక్రాలకు మాత్రము, మెలితిరిగి మరల యథాస్థితికి వచ్చే ఉక్కు కడ్డీలు ఉండేవి.

కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరుల మీదుగా కడపకు పోయే దారి చాలవరకు నల్లరేగడి నేలలమీదుగా సాగుతుంది. ఈ నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. పైనున్న రోడ్డు సమతలముగా నిలవడము కష్టము. కమాను కుంగడానికి ఇంతకన్న వేరే కారణము వెదకనక్కరలేదు.

కుంగిన పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తితో వంపు తెచ్చే పద్ధతి ఉండేది. నాగటికర్రును, ఉలిని పదును పెట్టే కమ్మరికి ఇది సులభమనిపించును. కాని చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఉలి పదునుకు కావలసిన వేడిని లోహముపై తేలే పసుపు, నీలి రంగులనుబట్టి గుర్తింపవచ్చును. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన తరువాత మరల సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేయాలి. ఆ వేడి నీలిరంగును దాటినది, ఎర్రదనము ఇంకా రానిది. ఎంత అనుభవశాలి అయినా కంటితో దానిని పట్టుకొనుట కష్టము. నీటిలో ముంచి వదిలితే పట్టీ పెళుసై విరుగును. నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడి మరల కుంగును. వెనుక ఇరుసును దాని స్థానములో పట్టి ఉంచేది కమానే కనుక, పై పట్టీ విరిగితే ఇరుసు పక్కకు జరిగి కారు అదుపు తప్పవచ్చును. చవకగా అయిన మరమ్మతు ప్రాణాలమీదికి తెచ్చేది ఇట్లే.

మెలికడ్డీలకు కొలిమి పనికిరాదు. కుంగితే వాటి చివరనున్న పళ్ళను జరిపి ఎత్తు సరిచేయవలెను. ఒకే దిశకు మెలితిరుగుటకు అలవాటుపడిన కడ్డీని ఎడమనుంచి కుడికి మార్చరాదు.

ఇక మిగిలినవి బుష్షులు, పిన్నులు. అంబాసిడర్ కమానులోని రబ్బరు బుష్షులు వేడికి, గాలిలోని ఆక్సిజనుకు గట్టిపడి పగులును. లారీలలో, పాత జీపులలో ఉండే లోహపు బుష్షులకు శత్రువు ధూళి. కడప సున్నపురాయి పొడి మెత్తనిదే. కాని నల్లమల కొండల క్వార్ట్‌జైటు నుంచి వచ్చిన ఇసుకరేణువు, గట్టిపరచిన ఉక్కుకు దాదాపు సాటివచ్చే కాఠిన్యము కలది. పాత గ్రీజులో అది చిక్కుకుంటే గ్రీజే సానరాయి అగును. అందుచేత కొత్త గ్రీజును, నల్లని పాతదంతా బయటికి పోయి శుభ్రమైన గ్రీజు కనబడేవరకు ఎక్కించవలెను. కమాను చెవి కింద గడ్డపార పెట్టి ఎత్తి చూచినప్పుడు పిన్ను కదలినట్లయితే గ్రీజుతో పని జరగదు. బుష్షును, పిన్నును కలిపి మార్చవలసినదే.