పసినోటిలో ముత్యాలు

మీరు రాయ్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగువారి ఇంటికి వెళ్ళారనుకోండి. ఇరవై రోజుల పసిపాప ఆవులించింది. అంగిలి నడుమ ఆవగింజలంత తెల్లని గింజలు రెండు మూడు కనిపించాయి. "అమ్మో, పై పళ్ళు! మేనమామకు గండం!" అంది అమ్మమ్మ. గోటితో గిల్లేయమంది పక్కింటావిడ. మీరేం చెబుతారు?

ముందు ఆ గింజల చరిత్ర తెలుసుకోండి. 1817లో ఫ్రెంచి శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు సెర్ చిగుళ్ళలో ఇలాంటి చిన్న ఉండలను చూసి, పళ్ళకు పట్టే గారను స్రవించే గ్రంథులనుకున్నాడు. 1866లో జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ బోన్ పసివాళ్ళ నోటిలోని బుడిపెలను వర్ణించి, శ్లేష్మ గ్రంథుల అవశేషాలని భావించాడు. 1880లో ప్రాగ్ నగరంలోని పిల్లల వైద్యుడు ఆలోయిస్ ఎప్‌స్టైన్ అంగిలిపై గింజలను వివరించాడు. అవే నేటి 'ఎప్‌స్టైన్ ముత్యాలు'. పేర్లు కలగాపులగమయ్యాక, 1967లో ఫ్రామ్ వాటిని మూడు రకాలుగా విడదీశాడు: అంగిలి నడిగీతపై ఉన్నవి ఎప్‌స్టైన్ ముత్యాలు, చిగుళ్ళ పక్కవాటున ఉన్నవి బోన్ బుడిపెలు, చిగుళ్ళ అంచుమీద ఉన్నవి దంతఫలక తిత్తులు.

ఇవి ఎందుకు వస్తాయి? గర్భంలో 8 నుంచి 12 వారాల మధ్య రెండు పలకలు ఎదురెదురుగా పెరిగి అంగిలిగా అతుక్కుంటాయి. ఆ అతుకులో చిక్కిన కణాలు, గోళ్ళలో ఉండే కెరటిన్‌నే తయారుచేసి తిత్తిగా మారతాయి. సగానికి పైగా నవజాత శిశువుల్లో ఇవి కనిపిస్తాయి. 1 నుంచి 3 మిల్లీమీటర్లుంటాయి, నొప్పి ఉండదు, సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే పగిలి మాయమవుతాయి.

అంగిలి నడుమ పళ్ళు మొలవవు కదా! కనుక అమ్మమ్మగారి భయానికి ఆధారం లేదు. గిల్లడం, గుచ్చడం మాత్రం ప్రమాదం. రక్తం కారవచ్చు, గాయం చీము పట్టవచ్చు. ఉగాండాలో పసివాళ్ళ కోరపళ్ళ మొగ్గలనే జబ్బుకు కారణమనుకొని పెకలించే ఆచారాన్ని పిండ్‌బోర్గ్ 1969లో శాస్త్రలోకం దృష్టికి తెచ్చాడు. పొరపాటు గుర్తింపు ఎంతదూరం పోతుందో చూడండి!

అయితే తెల్లనివన్నీ ముత్యాలు కావు. నాలుక, బుగ్గల మీద పెరుగు విరిగినట్లు పొరగా ఉంటే అది శిలీంధ్ర వ్యాధి కావచ్చు. కింది చిగురు ముందుభాగాన గట్టిగా, కదులుతూ ఉంటే నిజంగానే పుట్టుపన్ను కావచ్చు. బుడిపె పెరుగుతున్నా, పాప పాలు తాగలేకపోతున్నా డాక్టరుకు చూపించాలి.

రాయ్‌పూర్‌లో 1963లో వైద్య కళాశాల, 2012లో ఎయిమ్స్ వచ్చాయి. కానీ పాప నోరు మొదట చూసేది ఇంట్లోవాళ్ళే. ఆ క్షణంలో గోరు కాక, మీకు తెలిసిన ఈ నాలుగు మాటలు ముందుకు రావాలి.